మనిషికో బిళ్ల

పక్క సీట్లో సవిత పచ్చ డబ్బా మూత తీసింది. బామ్ వాసన గుప్పున ముక్కుకు తగిలి, కీబోర్డు మీద నా చెయ్యి ఆగిపోయింది. సోమవారం ఉదయం, కరీంనగర్‌లో మా ఆఫీసు. కిటికీ అవతల ఎండ అప్పుడే ముదురుతోంది. నా ముందున్న తెర మీద నీలం రంగు బటన్, దాని మీద 'కనెక్ట్' అని ఒకే మాట. ఆఫీసులో ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో చూపించే సాఫ్ట్‌వేర్ మాకొకటి ఉంది. దాన్ని తీసుకెళ్లి, ఆఫీసులోని సమస్తాన్నీ వెతికిపెట్టే మరో సెర్చ్ సాఫ్ట్‌వేర్‌కు కలపాలి. హైదరాబాద్ వాళ్లకు పాత సెర్చ్ మొహం మొత్తి కొత్తది కొన్నారు కాబట్టి, మొత్తం పని మళ్లీ మొదటి నుంచి నా నెత్తిన పడింది. ఇంతకు ముందు ఒకసారి ఇదే పని చేశాను. అప్పుడు కూడా పక్కన ఇదే వాసన. అప్పటి డబ్బా గ్రేస్ మేడంది. ఆ వాసన తగిలితే చాలు, "టికెట్ ఏసినవా?" అన్న ఆవిడ గొంతు చెవిలో మోగుతుంది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు కాబట్టి ముందే చెబుతున్నాను. గ్రేస్ మేడం దగ్గర పని చేసిన ఎవరికైనా మొదట కలిగేది విసుగే. పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీరలు, మెడలో గొలుసుకు వేలాడే కళ్లద్దాలు. ఆ అద్దాలు ముక్కు మీదకు ఎక్కాయంటే ఎవరి పనిలోనో తప్పు దొరికినట్టే లెక్క. ఆవిడ మా కరీంనగర్ ఆఫీసుకు మేనేజరు. పుట్టి పెరిగింది గోదావరి పక్క బొగ్గు గనుల కాలనీలో. మెథడిస్టు చర్చికి వెళ్లే కుటుంబం. ఆదివారం ఆరాధన అయ్యేదాకా ఫోన్ ఎత్తేవారు కాదు, ఆ తర్వాత వారం పొడుగునా మమ్మల్ని వదిలేవారు కాదు. వాళ్ల నాన్న గని మొగదలలో బిళ్లలు ఇచ్చే పని చేసేవాడట. లోపలికి దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఒక ఇత్తడి బిళ్ల ఇస్తారు. పైకి వచ్చాక దాన్ని బోర్డు మీద తన కొక్కేనికి తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా భూమిలోపలే ఉన్నాడని అర్థం. బిళ్లలన్నీ కొక్కేలకు చేరేదాకా ఆ తండ్రి ఇంటి మొహం చూసేవాడు కాదు.

ఈ కథను కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ మొదటి రోజే వినిపించేవారు. "మా బాపు ఒక్కటే అంటుండె," అని ముగించేవారు. "మనిషికో బిళ్ల, బిళ్లకో మనిషి. దాంట్ల మాఫీ లేదు." ఎండలో పడి చొప్పదండి నుంచి బస్సెక్కి వచ్చిన నాకు, కంప్యూటర్ ఉద్యోగంలో చేరిన మొదటి రోజున బొగ్గు గని కథ ఎందుకో అర్థం కాలేదు. రెండో రోజుకే అర్థమైంది. మా ఆఫీసులో బిళ్ల పేరు టికెట్. ఏ పని కావాలన్నా ముందు ఆ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని రాసి పెట్టాలి. అదే టికెట్ వేయడం. టికెట్ లేని పని మేడం దృష్టిలో పనే కాదు. నా మౌస్ చెడిపోయిన రోజున ఆవిడ దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాను. కొత్త మౌస్ ఆవిడ సొరుగులో ఉంది, సొరుగు తెరిచే ఉంది, మౌస్ నాకు కనబడుతూనే ఉంది.

"టికెట్ ఏసినవా?" అన్నారు తల ఎత్తకుండానే.

"మౌస్ లేకుంట టికెట్ ఎట్ల ఏయాలె మేడం?"

"పక్కోని మౌస్ తీస్కొని ఏసి రా పో."

ఆవిడతో వాదించడం కన్నా గోడకు తల కొట్టుకోవడం సుఖం. అందుకని అందరం అలవాటు పడ్డాం. ఎంతగా అంటే, సెలవు కావాలన్నా టికెట్, ఫ్యాన్ చప్పుడు చేస్తున్నా టికెట్, క్యాంటీన్ పప్పులో ఉప్పు ఎక్కువైనా టికెట్. చెల్లెలి పెళ్లికి రమ్మని పిలవడానికి కూడా ఒకాయన టికెట్ వేశాడు. మేడం దాన్ని చదివి, పెళ్లికి వెళ్లి, భోంచేసి వచ్చి, 'పూర్తయినది' అని మూసేశారు. ఇంకెక్కడా ఇలాంటి ఆఫీసు ఉండదు. నలుగురి ముందూ చెప్పుకోలేని సంగతుల కోసం విడిగా ఒక పెట్టె పెట్టించారు. దాని పేరు 'మేడంతో మాట'. అందులో వేసిన టికెట్లు మేడం, హెచ్ఆర్ చూసే మనిషి తప్ప ఇంకెవరూ చూడకూడదు. సాఫ్ట్‌వేర్ అడ్మినిస్ట్రేటర్‌ను కాబట్టి ఆ పెట్టెను చేసింది నేనే. చేసిన వెంటనే అందులోంచి నా పేరు తీసేయమన్నారు.

"నన్ను నమ్మరా మేడం?" అన్నాను. నిజంగానే మనసు చివుక్కుమంది.

"నమ్ముత బిడ్డా. తాళం జేసుడు నీ పని. తెరుసుడు నీ పని గాదు."

ఇక సవిత సంగతి. ఆ పేరు నేను మార్చి పెట్టింది, ఈ జ్ఞాపకం రాయడానికి ఆమె ఒప్పుకుంది. అప్పట్లో ఆమె టెస్టింగ్ జట్టులో కొత్తగా చేరింది. భైంసాలో భర్త దగ్గర దెబ్బలు తిని తిని, చివరికి ఎవరికీ చెప్పకుండా కరీంనగర్ వచ్చి ఒక లేడీస్ హాస్టల్లో దిగింది. భర్త చుట్టాలందరికీ ఫోన్లు చేసి ఆరా తీస్తున్నాడు. ఆమె కర్మ కొద్దీ, ఆ చుట్టాల్లో ఒకడు మా ఆఫీసు ముందు గది డెస్కులోనే కూర్చునేవాడు. ఆనంద్, భర్తకు బాబాయి కొడుకు. చెడ్డవాడు కాడు. ఊరెళ్లి వస్తే అందరికీ అటుకుల చుడువా తెచ్చేవాడు. కానీ వాడి నోట్లో నువ్వు గింజ నానదు. వదిన ఇక్కడే పని చేస్తోందని వాడికి తెలుసు, వాడి ద్వారా భర్తకూ తెలిసింది. ఎక్కడ ఉంటోందో మాత్రం తెలియదు. ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉంది, రానూపోనూ ఆఫీసు క్యాబ్ ఉంది. కాబట్టి ఆమెకు మిగిలిన రక్షణంతా ఆ హాస్టల్ అడ్రసు ఎవరికీ తెలియకపోవడంలోనే ఉంది. క్యాబ్ దింపే చోటు మార్చాలంటే టికెట్ తప్పదు కదా. ఆమె ఆ పెట్టెలో టికెట్ వేసింది. హాస్టల్ పేరు, గల్లీ పేరు రాసి, చివర 'ఎవరికీ చెప్పకండి మేడం' అని పెట్టింది. హెచ్ఆర్ మనిషి అప్పటికే మానేసింది కాబట్టి ఇదంతా అప్పుడు మేడం ఒక్కరికే తెలుసు. నాకు తర్వాత తెలిసింది.

అలాంటి రోజుల్లో హైదరాబాద్ నుంచి వినయ్ గారి ఫోన్ వచ్చింది. పెద్దాఫీసులో ఆయన మా అందరికీ పైవాడు. "చాలా సింపుల్ శ్రీధర్. సెర్చ్ కొన్నాం. నువ్వు కనెక్ట్ చేస్తే చాలు. బుధవారం మూడింటికి డైరెక్టర్లకు చూపించాలి," అన్నారు. సింపుల్ అన్న మాట వినగానే నాకు గుండెల్లో రాయి పడుతుంది. సూచనల పేజీ తెరిచాను. 'కుడి పక్కనున్న అడ్మిన్ బటన్ నొక్కండి' అని ఉంది. కుడి పక్కన ఏ బటనూ లేదు. ఎడమ పక్కన కూడా లేదు. ఆ బటన్ కనబడాలంటే ఇంకో అనుమతి ఉండాలట. ఆ అనుమతి కోసం హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే, సెర్చ్ కంపెనీని అడగమన్నారు. సెర్చ్ కంపెనీ వాళ్లను అడిగితే, చాలా మర్యాదగా, 'దయచేసి మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి' అని జవాబిచ్చారు. ఆ అడ్మినిస్ట్రేటర్‌ను నేనే! నన్ను నేను ఎలా సంప్రదించాలో ఆ పేజీలో రాయలేదు.

మంగళవారం సాయంత్రానికి ఎలాగో ఆ బటన్ ప్రత్యక్షమైంది. సంబరపడి నొక్కబోతుంటే వెనక నుంచి బామ్ వాసన వచ్చింది. మేడం కుర్చీ లాక్కుని నా పక్కన చేరారు.

"ఇది నొక్కితే ఎవలకు ఏం కనవడ్తది?"

"ఎవలకు ఏది చూసే హక్కుంటె గదే కనవడ్తది మేడం. కొత్తగ ఏం తెరవది. అన్ని అనుమతులు ఉన్నయి ఉన్నట్టే ఉంటయి."

"గట్లని ఎవలు చెప్పిండ్రు?"

"వాళ్ల పేజీల రాసిండ్రు."

"పేజీ రాసినాయన మన ఆఫీసుకు వచ్చిండా? సూసిండా?"

నేను జుట్టు పీక్కోవడం ఒక్కటే తక్కువ. అందరికీ తెరిచే ముందు అడ్మిన్ ఒక్కడే ఎవరి లాగిన్‌తోనైనా వెతికి పరీక్షించుకునే వీలుంది కాబట్టి, సరే, ఆ పద్ధతిలోనే కలిపాను. మర్నాటికల్లా అది మా టికెట్లన్నీ తనలోకి లాక్కుంది. బుధవారం మధ్యాహ్నం, అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుతున్న వేళ, మేడం మళ్లీ వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరి లాగిన్ పెట్టి వెతికి చూపించమన్నారు. ఆకలి దంచేస్తోంది. నా లాగిన్‌తో వెతికాను, 'మేడంతో మాట' పెట్టెలోది ఏదీ రాలేదు. మొన్న చేరిన ట్రైనీ పిల్ల లాగిన్‌తో వెతికాను, రాలేదు. "చూసిండ్రా మేడం?" అన్నాను, గొంతులో గెలుపు దాచుకోకుండానే.

"ఫస్ట్ షిఫ్ట్‌తోని సూడు," అన్నారు ఆవిడ.

ఆ ఫస్ట్ షిఫ్ట్ ఏమిటో చెప్పాలి. ఆ సాఫ్ట్‌వేర్ కొన్న కొత్తలో మనుషులు ఎక్కువ, లాగిన్లు తక్కువ. అప్పుడు మేడమే ఒక ఉపాయం చేశారు. గనుల కాలనీలో రోజంతా షిఫ్టుల మీదే నడుస్తుంది కదా, ఆ అలవాటు కొద్దీ ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్ అని లాగిన్లు పెట్టించారు. ఏ షిఫ్టులో ఆ కుర్చీలో ఎవరుంటే వాళ్లది ఆ లాగిన్. అప్పటి హెచ్ఆర్ అమ్మాయి ఫస్ట్ షిఫ్ట్‌తో పని చేసేది. అందుకని 'మేడంతో మాట' చూసే హక్కు ఆ లాగిన్‌కు ఇప్పించారు. ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది. కుర్చీ ముందు గది డెస్కుకు పోయింది. లాగిన్ కూడా కుర్చీ వెంటే పోయింది. హక్కు లాగిన్ వెంట పోయింది. మామూలుగా ఆ పెట్టె కనబడాలంటే ఎక్కడెక్కడో తవ్వుకుంటూ పోవాలి. ఎవరికి పట్టింది, ఎవరూ తవ్వలేదు. సెర్చ్‌కు మాత్రం అలాంటి బద్ధకం ఉండదు.

"ఏమని వెతకాలె?" అన్నాను.

"హాస్టల్ అని కొట్టు," అన్నారు.

కొట్టాను. మొదటి వరసలోనే వచ్చింది. 'క్యాబ్ దిగే చోటు మార్పు' అన్న శీర్షిక, పక్కన సవిత పేరు, కింద సన్న అక్షరాల్లో గల్లీ పేరు సగం చదివానో లేదో, మేడం అరచెయ్యి వచ్చి తెరను కప్పేసింది. బామ్ రాసుకున్న చెయ్యి, తెర మీద జిడ్డు మరక పడింది.

"సదవకు," అన్నారు. "ఫస్ట్ షిఫ్ట్ ఇప్పుడు ఎవలు వాడుతుండ్రు?"

"ఆనంద్."

ఆవిడ చెయ్యి తెర మీద నుంచి తీయలేదు. ఇంకో చేత్తో కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఎప్పుడూ చూడని మొహం అది. "ఒక్క బిళ్ల మీద ఇద్దరిని దించిన శ్రీధర్. నేనే దించిన. బాపు ఉంటే చెంపలు వాయిస్తుండె," అన్నారు. ఆనంద్ ఆ సమయానికి ముందు గదిలో ఎవరికో చుడువా పంచుతున్నాడు, వాడి నవ్వు మా దాకా వినిపిస్తోంది.

ఆ లాగిన్‌కు ఉన్న హక్కు తీసేయడం నాకు ఎంతోసేపటి పని కాదు, తీసేశాను కూడా. కానీ అలాంటి షిఫ్ట్ లాగిన్లు ఇంకా ఉన్నాయి, ఏ కుర్చీ ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. పైగా సెర్చ్ అప్పటికే అన్నీ మింగేసింది. మొత్తం తుడిచి మళ్లీ కలిపితే తప్ప నమ్మడానికి లేదు, అది మూడింటిలోపు అయ్యే పని కాదు. మేడం వినయ్ గారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"ఇయ్యాల మాది తెరవం సార్," అన్నారు.

"గ్రేస్ గారూ, డైరెక్టర్లు కూర్చుని ఉన్నారు! అన్ని ఆఫీసులూ కనెక్ట్ అయ్యాయి, మీదొక్కటే మిగిలింది. ఏమిటి సమస్య?"

"మా లాగిన్లు సక్కగ లేవు."

"అందరివీ అంతంత మాత్రమే. తర్వాత సర్దుకుందాం. అసలు కారణం ఏమిటో చెప్పండి."

"కారణం చెప్పుడంటే దాన్ని గుడ తెరిసినట్టే సార్. తప్పు నాది. నా పేరు మీద రాసుకోండ్రి."

ఫోన్ పెట్టేశాక నాకు తిక్క రేగింది. కరీంనగర్‌తో పాటు ఇంకో రెండు ఆఫీసుల బాధ్యత ఆవిడకు ఇస్తారని ఆ నెలంతా అనుకుంటున్నారు. ఆ పదవి కోసం ఆవిడ ఎంత కష్టపడ్డారో చూసినవాణ్ని. "ఒక్క మాట చెప్తె ఏమైతుండె మేడం? పేరు జెప్పకుంట, ఒక ఆడపిల్ల అడ్రసు బయట వడ్తది అంటే ఆయన గుడ మనిషే కద!" అన్నాను.

"ఈ ఆఫీసుల అడ్రసు దాసుకునే ఆడపిల్లలు ఎంతమంది?"

ఆలోచించాను. ఒక్క సవితే.

"మల్ల? పేరు జెప్పకున్నా జెప్పినట్టే గద. పో, బువ్వ తిను."

మూడింటికి హైదరాబాద్‌లో డైరెక్టర్ల ముందు మా ఆఫీసు పేరు పక్కన ఖాళీ గడి కనబడింది. గ్రేస్ గారు కొత్త పద్ధతులకు అలవాటు పడలేరని ఎవరో అన్నారట. ఆ పదవి వేరే ఆయనకు పోయింది. ఆవిడ దాని గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు, నేనే కనబడిన ప్రతివాడి దగ్గరా గొణిగాను. ఆ వారమంతా షిఫ్ట్ లాగిన్లు పగలగొట్టి మనిషికొకటి చేస్తూ కూర్చున్నాం. కొత్త లాగిన్ కావాలంటే ఎవరి టికెట్ వాళ్లే వేయాలని మేడం ఆర్డరు. మేడం తన లాగిన్ కోసం వచ్చినప్పుడు నేను కూడా తల ఎత్తకుండా, "టికెట్ ఏసిండ్రా మేడం?" అని అడిగాను. ఇన్నేళ్ల కసి అంతా ఆ ఒక్క మాటలో పెట్టి అడిగాను.

"పొద్దుగాలనే ఏసిన. సూస్కో," అన్నారు ఆవిడ. చూస్తే అందరికన్నా ముందు ఆవిడదే ఉంది. ఆ ఆనందం కూడా నాకు దక్కనివ్వలేదు.

మేడం రిటైరై చెన్నూరులో తమ్ముడి ఇంటి పక్కనే ఉంటున్నారు. అప్పుడప్పుడు ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపుతారు, ఎక్కువగా నా పద్ధతుల మీద ఫిర్యాదులే. వినేటప్పుడు విసుక్కుంటాను, విన్నాక దాచుకుంటాను. నేనంటే నాకు చిరాకు పుట్టేది ఎక్కడంటే, ఇప్పుడు నా కింద పని చేసేవాళ్లు ఏదైనా అడిగితే నా నోట్లోంచి కూడా ఆ మాటే వస్తుంది. ఏ రెండు సాఫ్ట్‌వేర్లను కలపమన్నా, ముందు పరీక్షకు మాత్రమే కలిపి, ఏ హక్కూ లేని ఒక ఉత్త లాగిన్ చేస్తాను. ఆ తర్వాత మనుషుల లాగిన్లు ఒక్కొక్కటీ తీసుకుంటాను. ప్రతి దాంట్లోంచీ ఒకే పేరు వెతుకుతాను. పైవాళ్లు ఎంత అరిచినా అది అయ్యేదాకా అందరికీ తెరిచే బటన్ ముట్టుకోను. నన్ను నత్త అంటారని తెలుసు. అననీ.

ఈ సోమవారం కూడా అదే చేస్తున్నాను. సవిత ఇప్పుడు టెస్టింగ్ జట్టుకు పెద్ద. కోర్టులో విడాకులు అయిపోయాయి, వాళ్ల అమ్మ వచ్చి తనతోనే ఉంటోంది. ఆనంద్ వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. తలనొప్పి అంటూ బామ్ రాసుకుంటున్న మనిషి నా తెర వైపు తిరిగి చూసింది.

"సార్, దాంట్ల నా పేరేంది? ఎందుకు కొడుతుండ్రు?"

"ఏం దొరకొద్దని."

అనేశాక ఇక దాచడం కుదరలేదు. మేడం ఎవరికీ చెప్పని మాట నేను చెప్పవచ్చా అని ఒక్క క్షణం ఆగాను. కానీ ఇది సవిత మాటే కదా, ఆమెకు చెప్తే తెరిచినట్టు కాదనుకున్నాను. బుధవారం మధ్యాహ్నం సంగతి, తెర మీద అరచెయ్యి, ఫోను, చేజారిన పదవి, అంతా చెప్పాను. ఆమె వేలి మీద బామ్ అలాగే ఉండిపోయింది.

"గా దినం పొద్దుగూకినంక మేడం క్యాబ్ కాడికి వచ్చింది సార్," అంది చివరికి. "నేను బుగులువడ్డ, ఏం తప్పు జేసిన్నో అని. 'మీ హాస్టల్ల నీళ్లు మంచిగ వస్తున్నయా' అని అడిగింది. గంతే. వస్తున్నయన్న. మంచిది అని పోయింది."

కళ్లు తుడుచుకోబోయి, వేలికి బామ్ ఉందని గుర్తొచ్చి ఆగింది. ఆ చెయ్యి రుమాలుకు తుడుచుకుని నా కీబోర్డు తన వైపు లాక్కుంది. తెరిచి ఉన్న ఆ ఉత్త లాగిన్‌లోనే ఇప్పటి పేరు కొట్టి చూసింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లుగా ఎక్కడా రాయని తన పాత పేరు, అత్తగారింటి పేరుతో సహా, ఒక్కో అక్షరం కొట్టింది. రెండుసార్లూ 'ఫలితాలేవీ లేవు' అని వచ్చింది. ఫోన్ మోగుతోంది, హైదరాబాద్ నుంచే అయి ఉంటుంది. సవిత ఆ ఖాళీ పేజీని చూస్తూ కూర్చుంది. నేను ఆమెను తొందరపెట్టలేదు.